సింకులూ బట్టీ ఉన్న గది

నా గది లాగేసుకున్నాయన, ఆ సంగతి నాకు తెలియడానికి రెండు రోజుల ముందు మా ఇంట్లోనే కూర్చుని నేను చేసిన పులిహోర మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. "చెల్లెమ్మా, పోపు అదిరింది" అన్నాడు. అది శనివారం. సోమవారం పొద్దున స్కూల్‌కి వెళ్లేసరికి నా గదికి కొత్త తాళం, తలుపు మీద 'టెస్టింగ్ ల్యాబ్' అని కొత్త బోర్డు. నా రంగులూ కుంచెలూ అట్టపెట్టెల్లో కుక్కి కారిడార్‌లో పెట్టారు. ఒక పెట్టె మీద రెండో తరగతి పిల్ల ఒకతె కూర్చుని షూ లేసులు కట్టుకుంటోంది. పులిహోర తింటున్నప్పుడు ఆయనకి ఇదంతా తెలుసు. ఆర్డర్ ఇచ్చింది ఆయనే. గది పోయినందుకు ఎంత మండిందో, ఆ రెండో విడత పులిహోరకీ అంతే మండింది.

నేను ఒక పెద్ద నగరపు పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ బడుల్లో, ఆర్ట్ టీచర్ని. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద ఇక్కడికొచ్చి, కొన్నేళ్లు అపార్ట్‌మెంట్‌లో కూర్చుని బొమ్మలు వేసుకున్నాను. పని చేసుకునే పర్మిట్ చేతికి రాగానే టీచింగ్ సర్టిఫికెట్ కోర్సులో చేరాను. నాతోటి ఆడవాళ్లంతా సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుని ఉద్యోగాల్లోకి వెళ్లిపోయారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నేను మాత్రం చిన్నపిల్లలకి రంగులు కలపడం నేర్పడానికి రోజూ సబర్బ్ నుంచి నగరంలోకి డ్రైవ్ చేస్తాను.

మా స్కూల్ బిల్డింగ్ పాతది. నగరం బాగా బతికిన రోజుల్లో కట్టింది కాబట్టి అందులో ఆర్ట్ కోసమే కట్టిన గది ఒకటుంది. ఎత్తయిన కిటికీలు, పిల్లలకి అందే ఎత్తులో రెండు లోతైన సింకులు, మూల ఒక బట్టీ. బట్టీ అంటే ఇటుకలది కాదు, మట్టితో చేసిన వస్తువుల్ని కాల్చే కరెంటు పొయ్యి. నేను చేరినప్పుడు ఆ గదిలో విరిగిన కుర్చీలు పేర్చి ఉండేవి. వాటిని నేనే బయట పడేయించాను, నేలంతా నేనే కడిగాను, సింకుల్లో తుప్పు నేనే గీకాను. బట్టీని ఎలక్ట్రీషియన్ ఒకసారి చూస్తే వెలిగిద్దామని ఎదురుచూస్తున్నాను. ఆ లోపే గది పోయింది.

లాగేసుకున్నాయన డిస్ట్రిక్ట్ సెంట్రల్ ఆఫీస్‌లో పెద్ద ఉద్యోగి. ఏ స్కూల్లో ఏ గది దేనికి వాడాలో తేల్చే విభాగం ఆయనది. మాకంటే పదేళ్లు పెద్ద. మా సబర్బ్‌లో తెలుగువాళ్లందరికీ అన్నయ్య, మా పిల్లలందరికీ అంకుల్. వినాయక చవితికైనా ఉగాదికైనా మైకు ఆయన చేతిలోనే ఉండాలి. "మా హైస్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ కూడా లెక్కల మాస్టారే తీసుకునేవారు. అందుకే ఇవాళ ఇక్కడున్నాం" అనడం ఆయనకి భలే ఇష్టం. ఆ మాట నా ఎదుట కూడా చాలాసార్లు అన్నాడు, నేనేం చదివానో తెలిసే.

ఆ సోమవారం కారిడార్‌లో నిలబడే ఆయనకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, నా గదికి తాళం వేశారు."

"నీ గది ఏంటమ్మా, డిస్ట్రిక్ట్ గది. రోజులో సగం ఎంప్టీగా ఉంటోంది, డేటా చూశాను. మీ స్కూల్ స్కోర్స్ ఎలా ఉన్నాయో నీకు తెలుసుగా? టెస్టులకి సెపరేట్ స్పేస్ కావాలి."

"సింకులూ బట్టీ ఉన్న గదిలో కంప్యూటర్లు పెడతారా?"

"రంగులు పూయించడానికి గదెందుకు చెల్లెమ్మా? ఒక కార్ట్ ఇప్పిస్తా. తోసుకుంటూ క్లాస్ క్లాస్‌కీ వెళ్లు. చాలా స్కూల్స్‌లో అదే మోడల్. నీకూ వాకింగ్ అవుతుంది."

వాకింగ్ అవుతుందట. ఆ రోజు నుంచి నేను ఆయన మీద పగ పట్టాను. ఇంకో మాట వాడితే అబద్ధమవుతుంది.

కార్ట్ వచ్చింది. అంతకుముందు లైబ్రరీ పుస్తకాలు మోసిన ఇనప బండి, ఒక చక్రం మొరాయించేది. మూడేళ్లు దాన్ని తోశాను. పై అరలో కాగితాలు, మధ్య అరలో రంగులు, కింద అరలో ఒక బకెట్. క్లాస్‌రూముల్లో సింకులు లేవు కాబట్టి చేతులు కడగడానికి ఆ బకెట్టే గతి. సబ్బునీళ్లు తొణక్కుండా తోసుకెళ్లి, క్లాస్ అయ్యాక పిల్లల్ని దాని ముందు వరసలో నిలబెట్టేదాన్ని. చొక్కా చేతులు పైకి మడవాలి, బకెట్లో ముంచాలి, పక్కనున్న గుడ్డకి తుడుచుకోవాలి, వెళ్లి కూర్చోవాలి. అవతల ఇంకో క్లాస్‌కి టైమైపోతుంటుంది కదా, అందుకే నేను గుడ్లురిమి మరీ నేర్పాను. చెప్పాల్సిన పని లేకుండా లేచి నిలబడేవాళ్లు. వరసలో చివరి పిల్లలకి మిగిలేవి బురదనీళ్లే. ఆ పిల్లలకి ఆర్ట్ అంటే బండి, కడుక్కోవడమంటే బకెట్. ఇంకో పద్ధతి ఉంటుందని వాళ్లకి తెలియదు.

బండి మీద అన్నీ ఎలాగోలా చేయొచ్చు, మట్టి పని తప్ప. మట్టితో ఏదైనా చేస్తే దాన్ని కదపకుండా వారం రోజులు ఆరబెట్టాలి, తర్వాత బట్టీలో కాల్చాలి. కాల్చకపోతే అది ఎండిన బురద, అంతే. ఒక పిల్ల మూడో తరగతిలో ఉండగా నా దగ్గరున్న పుస్తకంలో మట్టి గిన్నె ఫొటో చూసింది. అప్పట్నుంచి బండి కనిపిస్తే చాలు, "మిస్, మట్టి ఎప్పుడు?" అని అడిగేది. నాలుగో తరగతిలోనూ అదే ప్రశ్న. ఐదో తరగతికొచ్చాక అడగడం మానేసి కనుబొమ్మలు ఎగరేసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. మా స్కూల్లో ఐదో తరగతే ఆఖరు.

మా ఆయనది వరంగల్. కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. లొల్లి అంటే పడదు. "గాయన మనోడే గదా, రేపు ఏదన్న అవసరం పడతడు. ఊకో, లైట్ తీస్కో" అనేవాడు. నేను లైట్ తీసుకోలేదు. పైకి మాత్రం ఏమీ కనిపించనివ్వలేదు. అన్నయ్య ఇంటికొస్తే నవ్వుతూ ఎదురెళ్లేదాన్ని, ప్లేటు చేతికిచ్చేదాన్ని. ప్లేట్లో ఎప్పుడూ ఉప్మాయే ఉండేది. పులిహోర ఏదమ్మా అంటే చింతపండు అయిపోయిందనేదాన్ని. మూడేళ్లపాటు మా ఇంట్లో ఆయనొచ్చినప్పుడల్లా చింతపండు అయిపోయింది.

తర్వాత గాలి తిరిగింది. డిస్ట్రిక్ట్‌కి కొత్త సూపరింటెండెంట్, అంటే స్కూళ్లన్నిటికీ పై అధికారి, వచ్చింది. ప్రతి స్కూల్లోనూ ఆర్ట్, మ్యూజిక్ ఉండాలని, వాటికి సొంత గదులు ఉండాలని స్కూల్ బోర్డు తీర్మానం చేసింది. గదులు తేల్చేది ఎవరు? ఇంకెవరు, అన్నయ్యే. ఆ ఏడాది దీపావళి పార్టీలో మైకు పట్టుకుని, "కళ లేని చదువు ఉప్పు లేని పప్పులాంటిది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, అరచేతులు మండేలా.

ఆయన పప్పుతో ఆగినా బాగుండేది. బోర్డు ముందు స్లైడ్లు వేసి, డిస్ట్రిక్ట్‌లో మొదటి మోడల్ ఆర్ట్ రూమ్ అప్పుడే నడుస్తోందని, స్కూళ్లు తెరిచినప్పట్నుంచీ పిల్లలు అందులోనే నేర్చుకుంటున్నారని చెప్పేశాడు. స్లైడ్ మీద ఉన్నది నా గది. నేను కడిగి ముగ్గేసినట్టు పెట్టుకున్న రోజుల్లో ప్రిన్సిపాల్ తీసిన ఫొటో. బోర్డులో ఒకావిడ, అయితే వచ్చి చూస్తాను అంది. అప్పుడు ఆయనకి చెల్లెమ్మ గుర్తొచ్చింది.

"నీకో గుడ్ న్యూస్ అమ్మా. నీ రూమ్ నీకు ఇప్పిస్తున్నా."

"ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"గురువారం బోర్డ్ వాళ్లు విజిట్‌కి వస్తున్నారు. ఈ వీకెండ్ కంప్యూటర్లు తీయించేస్తా. కొత్త ట్యాప్‌లు పెట్టిస్తా, బట్టీ రిపేర్ చేయిస్తా. నువ్వు ఆగస్ట్ నుంచి అందులోనే చెప్తున్నట్టు ఉండాలి. పిల్లలకి కాస్త ట్రైనింగ్ ఇవ్వు."

"ట్రైనింగ్ అంటే?"

ఆయన నవ్వాడు. "మన చిన్నప్పుడు స్కూల్ ఇన్‌స్పెక్షన్ గుర్తు లేదా? ఆన్సర్ తెలిసినవాడు కుడి చెయ్యి ఎత్తాలి, తెలియనివాడు ఎడమ చెయ్యి. ఇన్‌స్పెక్టర్‌కి అన్ని చేతులూ కనపడేవి. మాస్టారు కుడి చెయ్యి వాణ్ణే లేపేవారు. ఎక్కడైనా అంతే కదమ్మా."

గుర్తు లేకపోవడమేంటి. మా స్కూల్లోనూ అంతే జరిగేది. ఎడమ చెయ్యి ఎత్తిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని.

"విజిట్ అయ్యాక గది ఉంటుందా?" అని అడిగాను.

"అది తర్వాత చూద్దాంలే. స్ప్రింగ్‌లో టెస్టులున్నాయి కదా."

"సరే అన్నయ్యా" అన్నాను. నా గొంతులో అంత తీపి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు.

బుధవారం ఆయనే స్వయంగా వచ్చాడు. ఐదో తరగతి పిల్లల్ని వాళ్ల క్లాస్‌లోనే కూర్చోబెట్టి, రేపు ఎవరైనా అడిగితే 'మా ఆర్ట్ రూమ్ అంటే మాకు చాలా ఇష్టం' అనాలని నేర్పాడు. పిల్లలకి ఆటలా ఉంది, అరిచి మరీ చెప్పారు. తర్వాత ఆర్ట్ గదికొచ్చి కుర్చీల వరస సరిచేశాడు, గోడల మీద పోస్టర్లు సరిచేశాడు. బండి చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటమ్మా, అసహ్యంగా? తీసెయ్."

"రంగులు అందులోనే ఉన్నాయన్నయ్యా. గోడ పక్కకి పెడతాలే."

మాట ప్రకారం గోడ పక్కకే పెట్టాను. గురువారం పొద్దున బకెట్ నిండా సబ్బునీళ్లు కూడా పోసి పెట్టాను. నాలుగడుగుల అవతల రెండు సింకులు, కొత్త కుళాయిలు మెరుస్తూ ఉన్నాయి. వాటి గురించి పిల్లలకి నేను ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆగస్ట్ నుంచి అదే గదిలో పాఠం చెప్తున్న టీచర్ని కదా నేను. ఆ మాటలన్నీ ఆగస్ట్‌లోనే చెప్పేసి ఉండాలి.

బోర్డు సభ్యురాలు తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ. సూపరింటెండెంట్, మా ప్రిన్సిపాల్, అన్నయ్య ఆవిడ వెనకాల నిలబడ్డారు. ఆ రోజు పిల్లలకి మట్టి ఇచ్చాను. మూడేళ్లలో మొదటిసారి. తడి మట్టి ముద్ద చేతిలో పడగానే వాళ్ల ముఖాలు చూడాలి! కాసేపు గదిలో ఎవరొచ్చారో కూడా మర్చిపోయారు. నా కనుబొమ్మల పిల్ల వాళ్ల నానమ్మ కళ్లజోడు పెట్టుకోవడానికి ఒక చిన్న పళ్లెం చేసింది. అంచు చుట్టూ వేలిముద్రలు నొక్కింది, కింద తన పేరు గీసింది. బోర్డావిడ చిన్న కుర్చీలో ఇరుక్కుని తనూ ఒక ముద్ద తీసుకుని పిసికింది. ఈ గది ఎలా ఉందని అడిగింది. పిల్లలు నేర్పినది నేర్పినట్టు అరిచారు. అన్నయ్య మొహం వెలిగిపోయింది.

చేసినవన్నీ అరలో పెట్టించి, ఇక సర్దుకోండి అన్నాను.

పిల్లలంతా లేచారు. చొక్కా చేతులు పైకి మడిచారు. ఒక్కరు కూడా సింకుల వైపు చూడలేదు. నేరుగా బండి దగ్గరికి వెళ్లి, బకెట్ ముందు వరసలో నిలబడి, ముంచడం, తుడవడం, వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టారు. మట్టి చేతులతో బోర్డావిడ సింక్ దగ్గర కుళాయి తిప్పబోతూ ఆగి, వరస వైపు చూసింది. వరసలో ఆఖరున ఉన్న నా కనుబొమ్మల పిల్లని పిలిచి, ఇక్కడ సింక్ ఉందిగా, ఇక్కడ ఎందుకు కడుక్కోవని అడిగింది.

ఆ పిల్ల సింక్ వైపు చూసింది, నా వైపు చూసింది. "అవి మాకా?" అంది.

అది నేను నేర్పిన మాట కాదు. మరి రోజూ ఆర్ట్ ఎక్కడ నేర్చుకుంటారని ఆవిడ అడిగింది. బండి మా క్లాస్‌కే వస్తుందని ఆ పిల్ల చెప్పింది, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు. ఇంతకుముందు ఈ గదిలోకి ఎప్పుడైనా వచ్చావా అంటే, వచ్చాను, కంప్యూటర్ మీద టెస్ట్ రాయడానికి అంది. అన్నయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నా వైపు చూశాడు. నేను బకెట్ వైపు చూసి, మళ్లీ ఆయన వైపు చూశాను. అప్పుడు అర్థమైంది ఆయనకి.

ఆ సాయంత్రం కారులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పక్క లేన్‌లో ఎవరో తిరిగి చూశారు కూడా. ఇంటికెళ్లి పులిహోర చేశాను.

విచారణ వేశారు. విచారణ పూర్తయ్యేదాకా గది రికార్డులో ఎలా ఉందో అలాగే ఉండాలన్నారు. రికార్డులో అది టెస్టింగ్ ల్యాబ్. తాళం పడింది, పిల్లల మట్టి వస్తువులన్నీ లోపల అరలో ఉండగానే.

ఆదివారం అన్నయ్య మా ఇంటికొచ్చాడు. వదిన రాలేదు. సోఫా అంచున కూర్చున్నాడు. మంచినీళ్లిచ్చాను, కాఫీ పెట్టలేదు.

"చెల్లెమ్మా, రేపు విచారణకి నిన్ను కూడా పిలుస్తారు. ఆగస్ట్ నుంచి వాడుతున్నాం, బకెట్ పిల్లల పాత అలవాటు, ఆ పిల్ల ఏదో కన్‌ఫ్యూజ్ అయింది అని చెప్పు. ఒక్క మాట. ఆ రోజే గదిని పర్మనెంట్‌గా ఆర్ట్ రూమ్ కింద రికార్డ్ చేయించేస్తా. నువ్వు చెప్పకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు. ఈ ఇయర్ అంతా తాళమే. నీ పిల్లలే లాస్ అవుతారు."

ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. ఒక్క అబద్ధానికి తలుపు తెరుచుకుంటుంది, అరలోవి బట్టీలోకి వెళ్తాయి, ఐదో తరగతి పిల్లలు జూన్‌లో వెళ్లేలోపు వాళ్ల చేతికి వస్తాయి. మూడేళ్లు బండి తోసింది దేనికోసమో అది ఆయన అరచేతిలో పెట్టి చూపిస్తున్నాడు. నేను ఆ అరచెయ్యి వైపు చూడలేదు. బతిమాలుతున్న ఆయన మొహం చూశాను. ఎంత బాగుందో చెప్పలేను.

"మాట మీద ఉంటారా?" అన్నాను, ఇంకాసేపు బతిమాలించుకోవాలని.

"నా పిల్లల మీద ఒట్టమ్మా."

"వద్దులెండి అన్నయ్యా. మిమ్మల్ని వేరే డిపార్ట్‌మెంట్‌కి పంపిస్తే వెళ్లండి. మీకూ వాకింగ్ అవుతుంది."

ఆయన వెళ్లాక మా ఆయన వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. "గది గావాలన్నవు, ఇస్తనన్నడు. ఇంకేం గావాలె నీకు?"

"ఆయన పోవడం కావాలి" అన్నాను.

విచారణలో ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రిన్సిపాల్ నా భుజం తట్టింది. బోర్డావిడ నా చెయ్యి పట్టుకుని, ఎంత నిజాయితీ అంది. నేను థ్యాంక్యూ అన్నాను. నిజాయితీ కాదు, గాడిదగుడ్డు కాదు. పిల్లల కోసమని ఇంకెవరైనా అడిగుంటే అంతకి పదింతల అబద్ధం ఆడేదాన్ని. ఆయన్ని నిలబెట్టే అబద్ధం నా నోట రాదు, అంతే.

అన్నయ్యని గదుల విభాగం నుంచి తీసేసి, స్కూల్ బస్సుల రూట్లు చూసే చోట వేశారు. మా తెలుగు పార్టీల్లో మైకు ఇంకొకరికి వెళ్లింది. ఉగాదికి ఆయన ఆఖరి వరసలో కూర్చున్నాడు. నేను మొదటి వరసలో కూర్చుని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

విచారణ ఆ ఏడాదంతా నడిచింది. టెస్టుల కోసం గదిలోకి కంప్యూటర్లు తిరిగొచ్చాయి. సర్దడానికి వచ్చినవాళ్లకి అరలో ఉన్నవి ఏంటో తెలియదు. ఎండిన మట్టి కదా, పట్టుకుంటే విరిగింది. చెత్త సంచుల్లో వేసి తీసుకెళ్లిపోయారు. నాకు తెలిసేసరికి అర తుడిచి మరీ ఉంది.

నా కనుబొమ్మల పిల్ల కారిడార్‌లో ఎదురైంది. మళ్లీ నోరు తెరిచి అడిగింది, "మిస్, నా పళ్లెం కాల్చారా?" అని. విరిగిపోయిందమ్మా అన్నాను. "పర్లేదు మిస్, ఇంకోటి చేస్తా" అంది. జూన్‌లో ఆ పిల్ల మిడిల్ స్కూల్‌కి వెళ్లిపోయింది. ఆ మిడిల్ స్కూల్లో ఆర్ట్ గది ఇంకా రాలేదట.

ఈ ఏడాది గది తెరిచారు. పక్కాగా ఆర్ట్ రూమే. బట్టీ వెలిగింది, కొత్త పిల్లలు కుళాయిల దగ్గర నీళ్లు చిమ్ముకుంటూ తిట్లు తింటున్నారు. ఇతర స్కూళ్లలోనూ ఒక్కొక్క గదే తెరుచుకుంటోంది.

మొన్న ఇండియన్ స్టోర్‌లో ములక్కాడలు ఏరుతుంటే పక్కన అన్నయ్య. బాగా చిక్కిపోయాడు. తప్పించుకుని వెళ్లొచ్చు, కానీ వెళ్లలేదు. చాలా నెమ్మదిగా అడిగాడు.

"తృప్తిగా ఉందా చెల్లెమ్మా?"

"ఉందన్నయ్యా" అన్నాను. "చాలా ఉంది."

అది నిజం. ఆయన్ని అలా చూస్తుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టే ఉంటుంది. మరి ఆ పిల్లలు ఏమయ్యారమ్మా, వాళ్లు చేసుకున్నవి ఏమయ్యాయి అని అడిగుంటే, చేతిలో ములక్కాడలు అక్కడే వదిలేసి కారు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఆయన అడగలేదు. పిల్లల సంగతి ఆయన ఏనాడూ అడగలేదు, ఇప్పుడూ అడగడని నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ నిలబడగలిగాను.